ఇమ్లీబన్ దగ్గర ఆగిపోయిన రైలు

జూబ్లీ బస్ స్టేషన్‌లో ఎక్కిన ప్రయాణికుడిని మెట్రో రైలు ముషీరాబాద్, చిక్కడపల్లి, నారాయణగూడ, సుల్తాన్ బజార్ మీదుగా తీసుకువచ్చి మూసీ పక్కన దింపేస్తుంది. ఆ స్టేషన్‌కు మహాత్మాగాంధీ బస్ స్టేషన్ అని పేరు. మనవాళ్ళ నోట అది ఇప్పటికీ ఇమ్లీబనే. రైలు అక్కడితో ఆగిపోతుంది. దిగినవాళ్ళలో పాతబస్తీకి వెళ్ళవలసినవారు మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చి, షేర్ ఆటో వెనుక సీటులో నలుగురిలో ఐదవవారుగా సర్దుకుంటారు. చార్మినార్ అక్కడికి రెండు మూడు కిలోమీటర్ల దూరమే. అయినా పదిహేనేళ్ళుగా ఈ నగరం దాటలేకపోతున్న దూరం అదే.

పదిహేనేళ్ళన్నది కోపంతో పెంచి చెప్పిన మాట కాదు. 2010లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మెట్రో నిర్మాణానికి ఎల్ అండ్ టీ సంస్థతో ఒప్పందం చేసుకున్నప్పుడు మూడు మార్గాలు నిర్ణయించారు. అందులో రెండవది జూబ్లీ బస్ స్టేషన్ నుంచి ఫలక్‌నుమా వరకు. కాగితం మీద సాలార్‌జంగ్ మ్యూజియం, చార్మినార్, శాలిబండ, శంషేర్‌గంజ్, ఫలక్‌నుమా స్టేషన్లు ఆనాడే వెలిశాయి. 2017 నవంబరు 28న మియాపూర్‌లో మొదటి రైలును ప్రధానమంత్రి ప్రారంభించారు. 2018లో ఎల్‌బీ నగర్‌కు, 2019లో హైటెక్ సిటీకి, అదే ఏడాది చివర రాయదుర్గానికి రైళ్ళు చేరాయి. 2020 ఫిబ్రవరి 7న మన మార్గం కూడా ప్రారంభమైంది, కానీ ఇమ్లీబన్ దాకానే. మిగిలిన దాదాపు ఐదున్నర కిలోమీటర్లు మాత్రం మిగిలిపోయాయి. నగరంలో మిగతా వైపులకు వెళ్ళినది పట్టాలు, మన వైపు వచ్చినవి ప్రకటనలు.

2024 మార్చి 8న ముఖ్యమంత్రి వచ్చి, ఇమ్లీబన్ నుంచి ఫలక్‌నుమా వరకు ఐదున్నర కిలోమీటర్ల మార్గానికి శంకుస్థాపన చేశారు. సంతోషించాం. శంకుస్థాపన రాయిని చూసి సంతోషించవలసి రావడమే మన స్థితికి కొలమానమని ఆ సాయంత్రం మాలో ఒకరు అన్నారు. ఆ మాట చేదుగా ఉన్నా కొట్టిపారేయలేకపోయాం.

ఈ ఆలస్యానికి కారణమేమిటని అడిగితే మూసీకి అవతలివైపు నుంచి సిద్ధంగా ఒక సమాధానం వస్తుంది. "మీరే అడ్డుకున్నారు. మస్జిద్ అన్నారు, దర్గా అన్నారు, ఆషుర్‌ఖానా అన్నారు, ఖబరస్తాన్ అన్నారు. అభివృద్ధి మీకే వద్దు." ఈ ఆరోపణను మనలో చదువుకున్నవారు కూడా తల వంచుకుని అంగీకరించడం చూస్తున్నాం. అంగీకరించే ముందు కొంత జ్ఞాపకశక్తిని వాడుకోవలసి ఉంది.

సుల్తాన్ బజార్ వ్యాపారులు తమ బజారు మీదుగా మెట్రో వద్దని ఏళ్ళ తరబడి ఉద్యమించారు. తెలంగాణ ఏర్పడిన 2014లో అప్పటి ముఖ్యమంత్రే అసెంబ్లీ దగ్గర, సుల్తాన్ బజార్ దగ్గర మార్గం మార్చాలన్నారు. చారిత్రక కట్టడాల శోభ దెబ్బతింటుందన్నారు. అది న్యాయమైన ఆందోళనే. తరువాత ఏం జరిగింది? చర్చలు జరిగాయి, కొలతలు మారాయి, పరిహారాలు తేలాయి. నేడు అసెంబ్లీ పక్కనా, సుల్తాన్ బజార్‌లోనూ రైలు ఆగుతోంది. ఆ బజారు వారిని ఎవరైనా "అభివృద్ధి నిరోధకులు" అన్నారా? అనలేదు, అనకూడదు కూడా. పౌరులు అభ్యంతరం చెప్పడం, ప్రభుత్వం కూర్చుని పరిష్కరించడం ప్రజాస్వామ్యంలో సాధారణంగా సాగే పని. మూసీ ఇవతల అదే అభ్యంతరం మతమౌఢ్యంగా మారిపోతుంది, కూర్చుని పరిష్కరించవలసిన ప్రభుత్వానికి అదే సాకు అవుతుంది.

దారుల్‌షిఫా నుంచి పురానీ హవేలీ, ఎతేబార్ చౌక్, అలీజా కోట్లా, మీర్ మోమిన్ దాయరా, హరిబౌలి మీదుగా శాలిబండకు పోయే ఆ దారిలో మతపరమైన, చారిత్రకమైన కట్టడాలు నూటికి పైగా ఉన్నాయని మెట్రో అధికారులే లెక్క చెప్పారు. వాటిని కూల్చకుండా, వంపుల కోణాలనూ స్తంభాల స్థానాలనూ సవరించి కట్టగలమని కూడా వారే చెప్పారు. నేడు సాధ్యమైన ఇంజనీరింగ్ పదేళ్ళ క్రితం ఎందుకు సాధ్యం కాలేదు? (మీర్ మోమిన్ దాయరా పేరు వచ్చింది గనుక ఒక మాట. 1591లో చార్మినార్ నడిబొడ్డుగా నాలుగు దిక్కులకు నాలుగు రాజమార్గాలు గీసి ఈ నగరానికి రూపమిచ్చినవాడిగా చరిత్ర చెప్పుకునే మీర్ మోమిన్ అస్త్రాబాదీ నిద్రిస్తున్నది అక్కడే. ఆయన నగరంలో బాటసారికి తోవ దొరకని రోజు వస్తుందని ఆయన ఊహించి ఉండడు.)

అయితే మన నాయకత్వం నిర్దోషి అని మేము అనబోవడం లేదు. మార్గం మార్చాలని పట్టుబట్టినవారిలో మనం ఓట్లు వేసి గెలిపించినవారూ ఉన్నారు. మార్చమనడం తప్పు కాదు. ఆ తరువాత ఏళ్ళకు ఏళ్ళు ఆ ఊసే ఎత్తకపోవడం తప్పు. ప్రత్యామ్నాయం ఏదని ప్రజల ముందు పెట్టలేదు, మొహల్లాలలో సభలు జరపలేదు. ఎన్నికలు వచ్చినప్పుడు మాత్రం "పాతబస్తీకి మెట్రో" పోస్టర్ మీద మెరిసింది. ప్రభుత్వానికి మన అభ్యంతరం సాకు అయితే, మన నాయకులకు ప్రభుత్వ నిర్లక్ష్యం సాకు అయింది. ఈ రెండు సాకుల మధ్య ఒక తరం పిల్లలు చదువులు ముగించుకుని, కొందరు ముగించుకోకుండానే, పెద్దవారైపోయారు.

ఆ ముగించుకోనివారి గురించే మేము ముఖ్యంగా చెప్పదలచుకున్నాం.

ఈ వ్యాసానికి ముందు మేము కొన్ని మొహల్లాలలో ఇళ్ళకు వెళ్ళి కూర్చున్నాం. ఒక ఇంట్లో తండ్రి కార్చోబ్ పనివాడు. చెక్క చట్రానికి బిగించిన గుడ్డ మీద జరీ కుట్టేవాడు. పెద్ద కూతురికి మూసీ అవతల ఒక డిగ్రీ కళాశాలలో సీటు వచ్చింది. మొదటి ఏడాది చదివింది. రెండవ ఏడాది ఫీజు కట్టలేదు. మేము రివాజు ప్రకారం అడగవలసిన ప్రశ్నే అడిగాం. ఇంట్లో వద్దన్నారా, సంబంధాలు చూస్తున్నారా అని. తల్లి నొచ్చుకుంది. "ఎవరూ వద్దనలేదు భాయ్. పొద్దున రెండు ఆటోలు, సాయంత్రం రెండు ఆటోలు. నెల తిరిగేసరికి ఫీజు కంటే కిరాయే ఎక్కువైంది. చీకటి పడ్డాక ఆ రెండో ఆటో దొరికేదాకా పిల్ల రోడ్డు మీద నిలబడాలి. దాని ఫోన్ వచ్చేదాకా నాకు ముద్ద దిగేది కాదు." అమ్మాయి తలుపు పక్కన నిలబడి ఇదంతా వింటోంది. మహాలక్ష్మి పథకం ఉంది కదమ్మా, ఆడవాళ్ళకు బస్సు ఉచితమే కదా అని మేము అంటే నవ్వింది. "ఉచితమే అంకుల్. ముందు బస్సు రావాలి కదా!"

ముస్లిం ఆడపిల్లల చదువు మధ్యలో ఆగిపోతే దేశమంతా దానికి ఒకే కారణం చూపుతుంది. పర్దా అంటుంది, ఛాందసం అంటుంది, తండ్రుల వెనుకబాటుతనం అంటుంది. చర్చావేదికలు పెడతారు, మనకు సంస్కరణ బోధిస్తారు. ఆ ఇంట్లో పర్దా ఉంది, నిజమే. ఆ పర్దాతోనే ఆ పిల్ల ఏడాది పాటు రోజుకు నాలుగు ఆటోలు ఎక్కి దిగింది. ఆమెను ఆపినది బుర్ఖా కాదు, బస్టాపు. ఈ ఒక్క ఇంటి నుంచి నగరమంతటి లెక్క తీయలేమని మాకు తెలుసు. కానీ ఈ కారణాన్ని లెక్కలోకే తీసుకోని సంస్కర్తలు మాట్లాడుతున్నది మన పిల్లల గురించి కాదు.

2023 డిసెంబరు 9 నుంచి రాష్ట్రంలో మహిళలకు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలోనూ, నగరంలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులలోనూ ప్రయాణం ఉచితమైంది. మంచి పథకం. దానిని మేము స్వాగతించాం, నేటికీ సమర్థిస్తున్నాం. కానీ ఉచిత ప్రయాణమనే హక్కు బస్సు చక్రాల మీద నడుస్తుంది. బస్సు తిరిగే కాలనీలో అది హక్కు. బస్సు తిరగని గల్లీలో అది గోడ మీది ప్రకటన. తలాబ్‌కట్టా, ఈదీబజార్, హఫీజ్ బాబానగర్, కిషన్‌బాగ్, హసన్‌నగర్, షాహీన్‌నగర్‌ల వంటి చోట్ల ప్రధాన రహదారి దాకా నడిచి లేదా ఆటోలో వచ్చి, అక్కడ బస్సు కోసం కాచుకోవలసినవారు వేలాదిగా ఉన్నారు. ఉచిత ప్రయాణానికి వెళ్ళే దారిలోనే ఆమె డబ్బు ఖర్చయిపోతోంది. అదే ఇంటి మగవాడికి ఉచితమూ లేదు. 2025 అక్టోబరులో నగర బస్సు ఛార్జీలు పెంచినప్పుడు ఆ భారం పడింది అతని మీదే. హమాలీ, మేస్త్రీ, దుకాణంలో పనిచేసే కుర్రవాడు దానిని మోస్తున్నారు.

గల్లీలు ఇరుకు, బస్సులు తిరగవు అని అధికారులు అంటారు. గల్లీలు ఇరుకైతే చిన్న బస్సులు నడపండి. షేర్ ఆటోలు ఉదయం నుంచి అర్ధరాత్రి దాకా నిండుగా తిరుగుతున్న దారిలో ప్రయాణికులు లేరనడం కళ్ళు మూసుకుని చెప్పే మాట. నష్టం వస్తుందని కూడా అంటారు. 2019 సమ్మె తరువాత నగరంలో బస్సులను పెద్ద సంఖ్యలో తగ్గించినప్పుడు చెప్పిన కారణమూ నష్టమే. బస్సు తగ్గితే ప్రయాణికుడు ఆటోకు పోతాడు, ప్రయాణికుడు పోతే రాబడి తగ్గుతుంది, రాబడి తగ్గిందని ఇంకో బస్సు తీసేస్తారు. నష్టాన్ని ముందు తయారు చేసి, తరువాత దానినే సాక్ష్యంగా చూపే పద్ధతి ఇది.

ఈ నగరానికి బస్సు నిన్న మొన్న వచ్చింది కాదు. 1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైల్వేలో భాగంగా 27 బస్సులు, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా శాఖ మొదలైంది. ప్రజారవాణాను ప్రభుత్వ బాధ్యతగా దేశంలో అంత తొందరగా గుర్తించిన రాజ్యాలు ఎక్కువ లేవు. ఆ బాధ్యత పుట్టిన నగరంలోనే, ఆ నగరపు పుట్టింటి గల్లీలలోనే నేడు అది కనబడడం లేదు.

ఇది హైదరాబాద్ ఒక్కదాని కథా కాదు. 2006లో సచార్ కమిటీ నివేదిక ముస్లింలు ఎక్కువగా ఉన్న గ్రామాలకు పక్కా రోడ్డు, దగ్గరలో బస్టాపు తక్కువగా ఉన్నాయని చెప్పింది. మనం ఆ నివేదిక నుంచి ఉద్యోగాల శాతాలు, అక్షరాస్యత శాతాలు కంఠస్థం చేశాం, సభలలో వల్లించాం. బస్టాపు గురించిన ఆ వాక్యాన్ని మాత్రం దాటవేశాం. ఉద్యోగానికి, బడికి, ఆస్పత్రికి చేరవలసిన దారి కూడా మైనారిటీ హక్కే అని మనకే తట్టలేదు.

రైలు మాట చూడండి. యాకుత్‌పురా, డబీర్‌పురా, ఉప్పుగూడ, ఫలక్‌నుమా. పాతబస్తీ నడుమ నుంచి రైలు పట్టా ఎప్పటి నుంచో ఉంది. 2003లో నగరానికి ఎంఎంటీఎస్ వచ్చింది. దాని దారిలో ఫలక్‌నుమా కూడా ఉంది. మన కోసం కొత్తగా స్తంభాలు వేయనక్కరలేదు, ఇళ్ళు కొట్టనక్కరలేదు, మస్జిద్ గోడ జరపనక్కరలేదు. కావలసినది నమ్మదగిన వేళలకు రైలు నడపడం ఒక్కటే. కూలికి పోయేవాడు వేళ తెలియని రైలును నమ్ముకోడు. అతడు ఎక్కడం లేదు కాబట్టి అవసరం లేదని రైల్వే అనుకుంటుంది. బస్సు విషయంలో చెప్పిన వలయమే ఇక్కడా తిరుగుతోంది.

ఇక ప్రస్తుతం జరుగుతున్న కూల్చివేతలు. మెట్రో కోసం సుమారు 1,100 ఆస్తులు దెబ్బతింటాయని అధికారులు ప్రకటించారు. గజానికి 81,000 రూపాయల చొప్పున పరిహారం చెక్కులు ఇస్తున్నారు. రైలు కావాలన్నవాళ్ళం మేము, రోడ్డు విస్తరణకు అడ్డుపడము. అయితే గోడకు లెక్క కట్టినవారు ఆ గోడ నీడన బతికినవాడికి ఏ లెక్క కట్టారో చెప్పాలి. పగిడీ ఇచ్చి ముప్పై ఏళ్ళుగా అదే దుకాణంలో కూర్చున్న అద్దెదారు, దుకాణం మెట్ల మీద గడియారాలు బాగుచేసేవాడు, కాగితాలు అన్నదమ్ముల పేర్ల మీద చిక్కుపడి ఉన్న వితంతువు – వీరి గోడు వినే అధికారి ఉర్దూ, తెలుగు రెండూ తెలిసినవాడై ఆ మొహల్లాలోనే కూర్చోవాలి. చారిత్రక కట్టడాల విషయం హైకోర్టు దాకా వెళ్ళింది. అక్కడ తేలే ప్రతి షరతునూ ముందుగా ప్రజల ముందు పెట్టాలి. కూల్చినంత వేగంగా కట్టడం లేదన్న అనుమానం నిజమైతే మన చేతిలో మిగిలేది వెడల్పయిన రోడ్డు, దాని మీద ఇంకా ఎక్కువ కార్లు.

పాత సాకు ఒకటి ఇప్పుడు తొలగిపోతోంది. మొదటి దశ మెట్రో నుంచి ఎల్ అండ్ టీ తప్పుకుని ప్రభుత్వమే స్వాధీనం చేసుకునేందుకు 2025 సెప్టెంబరులో అంగీకారం కుదిరింది. ప్రైవేటు సంస్థకు గిట్టుబాటు కాలేదన్న మాట ఇక చెల్లదు. ఛార్జీ ఎంత ఉండాలి, రైలు ఎక్కడి దాకా పోవాలి అన్నవి ఇక నేరుగా సచివాలయాన్ని అడగవలసిన ప్రశ్నలు. అలాగే కేంద్రం పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద హైదరాబాద్‌కు 2,000 విద్యుత్ బస్సులు కేటాయించింది. విద్యుత్ బస్సు ఎక్కడ ఛార్జింగ్ ఉంటే అక్కడి చుట్టూ తిరుగుతుంది. పాతబస్తీ డిపోలలో ఛార్జింగ్ కేంద్రాలు పెట్టకపోతే ఆ 2,000లో మన వాటా ఇప్పుడే తేలిపోయినట్టు. తరువాత ఎంత అరిచినా ప్రయోజనం ఉండదు.

మన ఇంటి తప్పు కూడా ఒకటి చెప్పుకోవాలి. కొడుకుకు వాయిదాల మీద మోటార్ సైకిల్ కొనిచ్చిన రోజు నుంచి తండ్రికి బస్సు అక్కర తీరిపోతుంది. కూతురికి, కోడలికి, తల్లికి తీరదు. జుమా నమాజ్ తరువాత మస్జిద్ ముందు మనం ఉద్యోగాల గురించి, రిజర్వేషన్ల గురించి, వక్ఫ్ భూముల గురించి గంటల తరబడి మాట్లాడుకుంటాం. ఆ మాట్లాడుకునేవారిలో బస్సు కోసం ఎదురుచూసేవారు దాదాపు లేరు, వారు ఇళ్ళలో ఉన్నారు. అందుకే మన వినతిపత్రాలలో బస్సు ఉండదు. పైగా బస్సు ఆగవలసిన చోట మన బళ్ళు నిలుపుతాం. బాటలోని అడ్డును తొలగించడం సదఖా అని పిల్లలకు నేర్పే మనమే బస్టాపుకు అడ్డంగా నిలబడుతున్నాం.

అందుచేత మేము ఒక పని తలపెట్టాం. ప్రతి బస్తీ నుంచి ఇద్దరు ముగ్గురు, వీలైనంతవరకు ఆడవాళ్ళే, ఒక నోటు పుస్తకం పట్టుకుని తమ బస్టాపులో వారం రోజులు నిలబడాలి. ఉదయం ఏడు నుంచి పది, సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది. ఏ నంబరు బస్సు ఏ వేళకు వచ్చింది, ఆగిందా, ఆగకుండా పోయిందా, ఎంతమంది ఎక్కలేక మిగిలిపోయారు, వారిలో ఆడవాళ్ళు ఎందరు – ఇంతే రాయాలి. దానితో పాటు సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు వేయాలి. ఈ మార్గంలో రోజుకు ఎన్ని ట్రిప్పులు మంజూరయ్యాయి, ఎన్ని నడిచాయి, ఎన్ని రద్దయ్యాయి అని అడగాలి. ముప్పై రోజులలో జవాబు రావాలి. మన పుస్తకాన్నీ వారి జవాబునూ పక్కపక్కన పెట్టినప్పుడు ఎవరి నోరు మూతపడుతుందో చూద్దాం. మీర్ మోమిన్ నగరంలో ఇన్నాళ్ళూ మనం కోపంతో మాట్లాడాం, లెక్కతో మాట్లాడలేదు.

ఆ కార్చోబ్ పనివాడి కూతురికి ఈ సంగతి చెప్పడానికి మళ్ళీ వెళ్ళాం. కొంతసేపు ఆలోచించి, తండ్రి వైపు చూసి, సాయంత్రం లెక్క తనే రాస్తానంది. పొద్దున చెల్లెలు బడికి పోవాలి గనుక అప్పుడు వీలుకాదట. తండ్రి చట్రం మీది నుంచి తల ఎత్తకుండానే అన్నాడు, "ఎనిమిది దాటితే నేను వచ్చి తీసుకొస్తాను."

నోటు పుస్తకాలు, దరఖాస్తు నమూనాలు మా కార్యాలయంలో ఉన్నాయి. ఉర్దూలో కూడా అచ్చు వేయించాం. జుమా రోజు తప్ప మిగిలిన రోజులలో అసర్ నమాజ్ తరువాత ఎప్పుడైనా వచ్చి తీసుకోవచ్చు.